స్విచ్ ఆపే ఉంది

"రెండు వేళ్ళు తీసెయ్యాలంట."

ఆంథోని ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. ఖమ్మం దవాఖానాలో కూతురి మంచం పక్కనున్న భార్య విశ్రాంతమ్మ ఫోన్లో చెప్పింది చెప్పినట్టే వాకిట్లో పడేసి, చెప్పులైనా విడవకుండా గడప మీద కూలబడ్డాడు.

గ్రేస్ చంకలోని ఏడాది దాటిన జోవన్నను ఈ వైపు నుంచి ఆ వైపుకు మార్చుకుంది. ఏ చెయ్యి అని అడగాల్సిన పని లేదు. మొన్న బుధవారం ఆడబిడ్డ స్టెల్లా చెయ్యి ఆ కంప్యూటర్ ఇనుప డబ్బాకు అంటుకుపోయి కొట్టుకుంటుంటే, పరుగెత్తి ఇంటి మెయిన్ దించింది తనే.

"ఏ వేళ్ళంట నాయినా?" గ్రేస్ భర్త శాంతికుమార్ అడిగాడు.

"కుడి చేతివి. చూపుడు వేలు, దాని పక్కది. ఇంకేం గావాలె నీకు? గోళ్ళకు ఏ రంగు ఏసుకుందో గూడ చెప్పాల్నా?"

శాంతికుమార్ తల దించుకున్నాడు. చెల్లెలి గోళ్ళకు రంగు ఉండదని ముగ్గురికీ తెలుసు. పామాయిల్ తోటల్లో రాలిన పండ్లు ఏరే చేతులకు రంగు నిలవదు.

పద్నాలుగు నెలలు ఏరింది స్టెల్లా. ఆ కూలితోనే ఒక్కో ముక్కా కొనుక్కుంది. ఖమ్మంలో మూసేసిన ఆఫీసు వాళ్ళు తూకానికి అమ్మేసిన కంప్యూటర్ డబ్బా ఒకటి. అందులోకి ఆటల కోసం గ్రాఫిక్స్ కార్డు, ఎవరో వాడి వదిలేసింది. దాన్ని పాత తువ్వాలులో చుట్టి, బస్సులో చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. పక్కనున్న పామాయిల్ మిల్లు మసి లోపలికి పోకుండా ఫ్యాన్ ముందు తన చున్నీ ముక్క కుట్టింది. అన్నింటికీ కరెంటు అందించే చిన్న పెట్టె మాత్రం ఖమ్మంలోనే సాయికిరణ్ అనే అతని కొట్లో కొన్నది. అదీ పాతదే.

సొంత మిషన్ ఉంటే జట్టులోకి తీసుకుంటామని కంప్యూటర్ ఆటల పోటీలు ఆడేవాళ్ళు చెప్పారట. మొదటి ఆట బుధవారం సాయంత్రం అయిదింటికి. నాలుగున్నరకే చెయ్యి కాలిపోయింది.

ఇప్పుడు ఆ కంప్యూటర్ వాకిట్లో రేకుల కింద పక్కకు ఒరిగి పడి ఉంది. ఆంథోని దాన్ని చేత్తో ముట్టలేదు. గెలలు కోసే కొడవలి కర్ర తగిలించి, చచ్చిన పామును లాగినట్టు ఇంట్లోంచి లాక్కొచ్చాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ మెయిన్ ఎత్తలేదు.

గ్రేస్ దాని మీద పాత దుప్పటి కప్పింది. కప్పమన్నది స్టెల్లాయే. నిన్న అత్తమ్మ ఫోన్ చెవి దగ్గర పెడితే, మందు మత్తులో ఆ పిల్ల మాట్లాడిన మాటలు రెండే. "వదినా, మసి పడ్తది. ఏదన్న కప్పు."

"తియ్యి ఆ దుప్పటి," అన్నాడు ఆంథోని.

గ్రేస్ కదల్లేదు.

"పీనుగ మీద కప్పినట్టు కప్పినవ్. తియ్యి. ఆ ఖమ్మం పోరడు వస్తుండు గదా, వాని కండ్లతో వాణ్ణే చూడనియ్యి వాడు అమ్మిందేందో." చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించాడు. "స్టేషన్ల ఇయ్యనీకి రాసిపెట్టిన. నా సంతకమే తక్కువ."

"ముందు మాట్లాడి చూద్దాం నాయినా," అన్నాడు శాంతికుమార్.

"నువ్వు మాట్లాడినవ్ లే. చెల్లె ఆటలాడతదంట, ఆడనియ్యి అన్నవ్. నాయినా నీకు తెల్వదు, గిప్పుడు ఆటలకు గూడ జీతమిస్తున్నరన్నవ్. ఏ రెండు వేళ్ళతో ఆడతదో గిప్పుడు నువ్వే చెప్పు."

మంగళవారం గాలివాన తర్వాత రెండు రోజులు చల్లగానే ఉంది. ఈ రోజు పొద్దున్నుంచీ ఎండ మళ్ళీ రేకుల మీద పేలుతోంది. జోవన్న మెడ నిండా చెమటకాయలు లేచాయి. పిల్ల తల్లి భుజం మీద ముఖం రుద్దుతూ సన్నగా ఏడుస్తోంది.

గ్రేస్ మనసులో ఒకే మాట తిరుగుతోంది. బుధవారం నుంచి ఇంట్లో అందరూ అనుకుంటున్న మాట, చూడ్డానికి వచ్చిన వాళ్ళంతా విని ముక్కు మీద వేలేసుకున్న మాట. స్విచ్ ఆపే ఉంది. స్టెల్లా స్విచ్ ఆపి, ఆపినట్టు రెండుసార్లు చూసుకుని, అప్పుడే దుమ్ము తుడుద్దామని డబ్బా మూత తీసింది. ఆపిన స్విచ్‌లోంచి కరెంటు ఎట్లా వస్తుంది? అందుకే అందరి వేలూ ఆ పాత పెట్టె మీదికి పోయింది. దానిలో కరెంటు నిలవ ఉండి కొట్టిందన్నారు.

గ్రేస్ కూడా ఆ మాటనే పట్టుకుని మూడు రోజులు గడిపింది. స్విచ్ ఆపే ఉంది గనక తను చేసిందానికీ దీనికీ సంబంధం లేదు. ఉండడానికి వీల్లేదు.

తను చేసింది చిన్న పని. పదిహేను రోజుల కిందట జోవన్న పాకుతూ పోయి ఆ డబ్బాను పట్టుకుని, ఉలిక్కిపడి కెవ్వుమంది. గ్రేస్ ముట్టి చూస్తే వేళ్ళకు చీమలు పాకినట్టు జుమ్మంది. స్టెల్లా నవ్వింది. "ఏం గాదు వదినా. మనింటికి ఎర్తింగ్ లేదు గదా, గందుకే జుమ్మంటది. వచ్చే నెల గుంత తవ్విచ్చి ఉప్పు, బొగ్గు పోపిస్త."

వచ్చే నెల. పిల్ల పాకేది ఈ నెల.

గ్రేస్ తొమ్మిదో తరగతిలో బడి మానేసి వైరాలో తండ్రి ఇన్నయ్య మోటార్ వైండింగ్ కొట్లో కూర్చున్న మనిషి. కాయిల్స్ చుట్టేది, తీగల కొసలు బ్లేడుతో గీకేది. తొందరపడే రైతుకు తండ్రి ఏం చేసి పంపేవాడో చూసింది. ప్లగ్గు బోర్డు విప్పి, ఎర్త్ రంధ్రానికీ, కరెంటు వాపసు పోయే తీగకూ మధ్య చిన్న తీగముక్క బిగించేవాడు. ఆ జుమ్మనడం అక్కడితో పోయేది. స్టెల్లా తోటకు పోయిన ఒక మధ్యాహ్నం, గ్రేస్ ఆ పనే చేసింది. చెయ్యడం అదే మొదలు కాదు గనక చెయ్యి కూడా వణకలేదు. ఎవరికీ చెప్పలేదు. బిడ్డ ఒళ్ళు జుమ్మనకుండా ఉంటే చాలనుకుంది.

బండి చప్పుడైంది.

సాయికిరణ్‌కు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఖమ్మం నుంచి ఎండలో బండి మీద వచ్చి, హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు.

"చెల్లెకు ఎట్లుందండి?"

"నీ చెల్లె గాదు," అన్నాడు ఆంథోని. "ఎట్లుందో తెల్వాల్నంటే దవాఖానాకు పోయి చూసి రాకపోయినవ్."

"పోయే వస్తున్న పెద్దాయనా. చెల్లె వాళ్ళమ్మ ఉంది ఆడ. నన్ను లోపలికి రానియ్యలే."

ఆంథోని కాగితం చూపించాడు. "దీన్ల నీ పేరే ఉంది."

"నేను అమ్మిందే, కాదంటలేను. పాతదని చెప్పే ఇచ్చిన. గని అది మనిషిని కొట్టేదైతే నేను మూడు నెలలు నా బల్ల మీదనే వాడి అమ్ముతనా?" దుప్పటి తీసి, డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు. స్క్రూలు విప్పి ఆ పెట్టెను చేతిలోకి తీసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. సంచిలోంచి మీటరు తీసి రెండు మూడు చోట్ల ఆనించాడు. చున్నీ ముక్క కుట్టిన ఫ్యాన్ దగ్గర అతని చెయ్యి ఒకసారి ఆగింది.

"దీన్ల ఏం కాలలే. అంతా మంచిగనే ఉంది. దీన్ని పెట్టిన ప్లగ్గేది?"

"ప్లగ్గుతోని నీకేం పని?"

"నాయినా, చూడనియ్యి," అన్నాడు శాంతికుమార్.

గ్రేస్ అప్పటికే స్టెల్లా గదిలో ఉంది. ఎప్పుడు నడిచి వచ్చిందో ఆమెకే తెలీదు. బోర్డుకు వీపు ఆనించి, పిల్లను ఎదకు అదుముకుని నిలబడింది.

"అక్కా, జర జరుగు," అన్నాడు సాయికిరణ్.

జరిగింది.

"అన్నా, ఒక్కసారి మెయిన్ ఎత్తు. ఎవరూ ఏదీ ముట్టకుండ్రి."

శాంతికుమార్ మెయిన్ ఎత్తాడు. సాయికిరణ్ స్విచ్ ఆపే ఉందని అందరికీ చూపించి, టెస్టర్ కొసను ప్లగ్గు పైరంధ్రంలో పెట్టాడు. ఎర్తింగ్ రంధ్రం అది. దానిలో ఏమీ రాకూడదు.

టెస్టర్‌లో చిన్న దీపం నారింజ రంగులో వెలిగింది.

"దించన్నా. దించు."

ఆ దీపం ఆరినా గ్రేస్ కళ్ళ ముందు అలాగే ఉంది. సాయికిరణ్ బోర్డు స్క్రూలు ఒక్కొక్కటే విప్పుతుంటే, ఆమెకు ప్రతి స్క్రూ తెలుసు. కింది ఎడమది గాడి అరిగిపోయి ఉంటుంది, గట్టిగా నొక్కి తిప్పాలి. అతనూ గట్టిగా నొక్కి తిప్పాడు.

బోర్డు ముందుకు వంగింది. వెనకాల, బొటనవేలంత పొడవున ఎర్రటి రాగి తీగ.

"ఇగో. ఇదీ." సాయికిరణ్ దాన్ని ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అతని గొంతులో గెలిచినట్టు ఏమీ లేదు. "గాలివానకు మీ ఇంటి తీగలు తెగినయా పెద్దాయనా?"

"తెగినయ్."

"స్తంభం కాడ మళ్ళ ఎవరు కలిపిండ్రు?"

శాంతికుమార్ గోడ వైపు చూశాడు. లైన్‌మన్ రోడ్డు మీద పడ్డ చెట్ల దగ్గర ఉన్నాడని, చెల్లెలి ఆట అయిదింటికే అని, బుధవారం మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని ఎక్కింది తనే.

"కలిపేటప్పుడు అటుది ఇటు, ఇటుది అటు అయినయ్ అన్నా. కరెంట్ వచ్చే తీగ, వాపసు పోయే తీగ మారినయ్. మారితే దీపాలు ఎలుగుతయ్, ఫ్యాన్లు తిరుగుతయ్, ఎవరికీ తెల్వదు. గని ఈ ముక్క ఉంది జూడు, ఇది కరెంటును తీస్కపోయి నేరుగ ఇనుప డబ్బాకు ఇచ్చింది. మారినంక స్విచ్ ఆపితే ఆగేది వాపసు తీగనే. డబ్బా మీదికి పోయేది పోతనే ఉంటది."

"అంటే నా కొడుకే చంపబోయిండు అంటవ్ చెల్లెను," అన్నాడు ఆంథోని మెల్లగా.

"గట్లంటలేను. తీగలు మారుడు ఏడనన్న అయితది. ఈ ముక్క లేకుంటే ఏమీ గాకపోతుండె. జుమ్మంటది, అంతే."

జుమ్మంటది, అంతే. గ్రేస్ మంచం కోడు పట్టుకుంది. మూడు రోజులు పట్టుకుని వేలాడిన మాట చేతిలోంచి జారిపోయింది.

"మిగతా బోర్డులు గూడ ఒకసారి చూస్త..."

"నీ పెట్టె మంచిదని తేలింది గదా," ఆంథోని అడ్డుకున్నాడు. "ఇంక మా ఇల్లంత విప్పి చూసుడు నీకెందుకు? ఇటు తే అది."

తీగను కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. రెండు కొసలూ బ్లేడుతో నున్నగా గీకి ఉన్నాయి. మిల్లులో ముప్పై ఏళ్ళు మోటార్ల మధ్య తిరిగిన మనిషికి దాని పేరు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"వైండింగ్ తీగ," అన్నాడు.

ఆ ఇంట్లో వైండింగ్ తీగ ఒక్కచోటే ఉంది. అటక మీద, మార్చి మొదట్లో మనవరాలి మొదటి పుట్టినరోజుకు వచ్చినప్పుడు మిక్సీ బాగుచేసి ఇన్నయ్య మరిచిపోయిన చుట్ట.

శాంతికుమార్ భార్య వైపు చూడలేదు. తండ్రి వైపే చూస్తూ అన్నాడు. "మీ వియ్యంకుడు రెండు రోజులున్నడు గదా నాయినా. మిక్సీ చేసిండు. ఫ్యాన్ చేసిండు. అన్నీ చేసిండు." ఆ గొంతులో ఊపిరి తీసుకున్న సుఖం గ్రేస్‌కు వినిపించింది. మూడు రోజులుగా ఆ మనిషి కూడా నిచ్చెన మీదే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు దిగడానికి ఒక మెట్టు దొరికింది.

"మా నాన్న గాదు," అంది గ్రేస్.

"మరెవరు?" అన్నాడు ఆంథోని.

నోరు తెరిచింది. జోవన్న ఆమె చెవి దుద్దు పట్టుకుని లాగుతోంది. ఈ ఇంట్లో ఇక తన చేతి అన్నం ఎవరైనా తింటారా? ఈ పిల్లను తన చేతికి ఇస్తారా? మత్తులోంచి లేచి, వదినా అని పిలిచే ఆ పిల్ల, కట్టు కట్టిన చెయ్యి చూపించి ఏమని అడుగుతుంది?

"తెల్వదు," అంది.

ఆంథోని నవ్వాడు. వినడానికి దగ్గులా ఉంది. కాగితం మడత విప్పాడు. "పేరు మార్చి రాయాలె. తమ్ముడూ, నీ పేరు కొట్టేస్తున్న. పెన్నున్నదా?"

సాయికిరణ్ పెన్ను ఇవ్వలేదు. "ముందు ఆయనను అడగండి పెద్దాయనా. నన్ను పిలిచి అడిగిండ్రు గదా."

ఆ మాటకే ఆంథోని ఫోన్ తీశాడు. చెవి సరిగా వినబడదు గనక ఎప్పుడూ పెట్టినట్టే స్పీకర్ పెట్టి, వాకిట్లోకి నడిచాడు. అందరూ అతని వెనకాలే బయటికి వచ్చారు. పిల్ల బరువుగా జారుతుంటే గ్రేస్ గడప దగ్గర కిందికి దించింది.

"ప్రైజ్ ది లార్డ్ బావగారు," ఇన్నయ్య గొంతు. వెనకాల కొట్లో ఏదో మోటారు తిరుగుతోంది. "బిడ్డకు ఎట్లుంది? రేపు పొద్దున దవాఖానా కాడికి వస్తున్న."

"బావా, మా స్టెల్లా గదిల ప్లగ్గు బోర్డుకు రాగి తీగ ముక్క దొరికింది. ఎర్తింగ్‌కు, వాపసు తీగకు కలిపి. వైండింగ్ తీగ. రెండు కొసలు మంచిగ బ్లేడుతోని గీకి ఉన్నయ్. దాంతోనే నా బిడ్డ చెయ్యి పోయింది."

అవతల మోటారు ఆగింది. ఇన్నయ్యే ఆపాడో, దానంతటదే ఆగిందో.

గ్రేస్‌కు ఆ కొట్టు కళ్ళకు కట్టింది. గోడకు ఆనించిన ముక్కాలి పీట, అది తనదే. పన్నెండేళ్ళ కిందట దాని మీద కూర్చుని, తీగ కొసలు గీకి చూపిస్తే తండ్రి వెలుతురులో పెట్టి చూసేవాడు. నాకంటే నున్నగ గీకినవ్ అనేవాడు. ఎర్త్ లేని మోటారుకు ఆ ముక్క బిగిస్తూ ఒకసారి చెప్పాడు కూడా. "ఇది ఇయ్యాల్టి పని బిడ్డా. గుంత తవ్వేదాంక. తవ్వినంక అన్నింటికంటె ముందు దీన్ని పీకెయ్యాలె." మొదటి మాట ఒక్కటే ఆమెకు గుర్తుండిపోయింది.

"అవ్ బావగారు," అన్నాడు ఇన్నయ్య. "నేనే పెట్టిన."

సాయికిరణ్ వంగి మీటరు సంచిలో పెట్టుకున్నాడు.

"పిల్ల పాకుతుంది గదా అని పెట్టిన. తప్పు నాదే. మీరు ఏం జేసినా నాకు సమ్మతమే. స్టేషన్‌కు రమ్మంటె వస్త. మా అమ్మాయిని మాత్రం ఒక్క మాట అనకుండ్రి. దానికేం తెల్వదు."

ఆంథోని కాగితం మడిచాడు. పోట్లాడటానికి సిద్ధపడిన మనిషి, అవతలి వాడు ముందే పడిపోతే ఎక్కడ కొట్టాలో తెలీక నిలబడినట్టు నిలబడ్డాడు. "ఎంత సులువుగ అన్నవ్ బావా," అన్నాడు చివరికి.

శాంతికుమార్ చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు. "ఇంక ఆ తీగ తీసేసినం గదా. పిల్ల ఎండకు మాడిపోతుంది. మెయిన్ ఎత్తి కూలర్ ఏస్త." లోపలికి నడిచాడు. వాకిట్లో నుంచి అతని వీపు కనిపిస్తోంది.

"మా అమ్మాయి ఉందా ఆడ?" ఫోన్లో ఇన్నయ్య. "ఒక్క నిమిషం ఇస్తరా బావగారు?"

ఆంథోని ఫోన్ గ్రేస్ వైపు చాచాడు. ఆమె ముఖం చూడకుండానే చాచాడు. స్పీకర్ తియ్యాలన్న ధ్యాస అతనికి లేదు. ఆమెకూ లేదు.

"నాన్నా," అంది.

"ఏడుస్తున్నవా? ఏడ్వకు." గొంతు బాగా తగ్గించాడు ఇన్నయ్య, కూతురికి ఒక్కదానికే వినబడేటట్టు. తగ్గించినా ఎండకు కాగిన ఆ వాకిట్లో ప్రతి మాటా స్పష్టంగా పడింది. "నేను చూసుకుంట. అది ఇడిసిపెట్టు. నాకొక్కటి చెప్పు బిడ్డా, జల్దీ చెప్పు. ఇంకేడన్న పెట్టినవా?"

ఆంథోని తల మెల్లగా ఎత్తాడు. సాయికిరణ్ సంచి జిప్పు సగంలో ఆపేశాడు.

గ్రేస్‌కు మార్చి నెలాఖరు గుర్తొచ్చింది. పాత సామాన్లవాడి దగ్గర కొన్న ఇనుప కూలర్ మొదటి రోజే జుమ్మంది. ఆ సాయంత్రమే దాని ప్లగ్గు బోర్డులో బిగించిన తీగముక్కే తను చేసిన మొదటి పని. నెలా నెలన్నర చల్లగా తిరిగింది గనకే, స్టెల్లా గదిలో రెండోసారి చెయ్యి వణకలేదు.

కిందికి దించిన పిల్ల కాళ్ళ దగ్గర లేదు.

గడప అవతల చూసింది. కూలర్ పక్క రేకు తీసి ఉంది. జోవన్న నీళ్ళ తొట్టిలో రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి, పొద్దున్నుంచి మొదటిసారి నవ్వుతోంది. కూలర్ తీగ గోడ ప్లగ్గులోనే ఉంది. స్విచ్ ఆపే ఉంది.

మెయిన్ పిడి మీద శాంతికుమార్ చెయ్యి.

"ఎత్తకు," అంది గ్రేస్.

గొంతు పెద్దది చెయ్యలేదు. అయినా ఆ చెయ్యి ఆగింది. శాంతికుమార్ వెనక్కి తిరిగి మొదట ఆమెనూ, తర్వాత ఆమె ఎటు చూస్తోందో అటూ చూశాడు. ఎందుకని అడగలేదు. పిడి మీది నుంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"ఏడ పెట్టినవ్ బిడ్డా? నీకే జెప్పేది. ఏడ?"